ఫైబర్ ఒకటి, 5జీ ఒకటి: రెండు లైన్ల ఇంటికి రౌటర్ ఎంపిక

ఇల్లు హైదరాబాద్‌లో నిజాంపేట వైపు. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. భార్యాభర్తలిద్దరూ వారంలో సగం రోజులు ఇంటి నుంచే పనిచేస్తారు. ఒకరికి ఆఫీసు వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి వేసే భద్రమైన దారి) సాయంత్రం దాకా తెగకూడదు, మరొకరికి పొద్దున లేస్తే వీడియో మీటింగులు. ఇద్దరు పిల్లల ఫోన్లు, ట్యాబులు, ఒక టీవీ, నాలుగు వైఫై కెమెరాలు. 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది, కానీ తరచూ పోతోంది. పోయిందంటే పూట గడిచేదాకా రాదు. ఇంకో కనెక్షన్ తీసుకుంటాం, రెంటినీ కలిపి వాడుకునే రౌటర్ ఏదో చెప్పండి అని అడిగారు.

"కలిపి" అన్న మాటతోనే సగం గొడవ మొదలవుతుంది. 200కి 100 కలిపితే ఒక పెద్ద ఫైలు 300తో దిగదు. ఇంటి రౌటర్లు చేసేది కనెక్షన్లను పంచడం. ఒక్కో కొత్త కనెక్షన్‌ను ఏదో ఒక లైన్‌కు అప్పగిస్తాయి, అది ముగిసేదాకా అక్కడే ఉంటుంది. పది మంది పది పనులు చేస్తుంటే మొత్తం మీద రెండు లైన్లూ నిండుతాయి, ఒక్కరు ఒక్క ఫైలు దించుకుంటే ఒక్క లైన్ వేగమే వస్తుంది. నిజంగా రెంటినీ ఒక్కటి చేయాలంటే అవతల ఇంటర్నెట్‌లో ఒక సర్వర్ ఉండి, అక్కడ ప్యాకెట్లను (డేటా ముక్కలను) మళ్లీ అతికించాలి. దాని నెలసరి ఖర్చు ఈ ఇంటికి దండగ. ఇంటివాళ్లకు ఇది ముందే అర్థమయ్యేలా చెబితే బిగించాక ఫోన్లు తగ్గుతాయి.

రౌటర్ కంటే ముందు రెండో లైన్

మొదట వాళ్లు ఎంచుకున్నది మరో కంపెనీ ఫైబర్. బయటికెళ్లి చూస్తే రెండు కేబుళ్లూ ఒకే కరెంటు స్తంభం మీద నుంచి, ఒకే కట్టలో వస్తాయి. స్తంభం మార్చినా, లారీ తగిలినా రెండూ ఒకేసారి పోతాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయిన దుర్ఘటన తర్వాత నగరంలో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు చాలా కాలనీల్లో నెట్ ఆగిపోవడం హైదరాబాద్‌వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకే స్తంభాన్ని నమ్ముకున్న రెండు ఫైబర్లు అలాంటి రోజున ఒక్క ఫైబర్ కిందే లెక్క. అందుకని రెండో లైన్‌గా 5జీ ఎయిర్ కనెక్షన్ తీసుకోమన్నాం. డాబా మీద యాంటెనా డబ్బా, అక్కడి నుంచి ఒక కేబుల్ కిందికి, లోపల వాళ్ల వైఫై డబ్బా. ప్లాన్ 100 ఎంబీపీఎస్. రాత్రి రద్దీ వేళ 50, 60కి పడిపోతుందని పెట్టుకున్న రోజునే తేలింది.

ఉన్న ఫైబర్ ఎందుకు పోతోందన్నది కూడా చూడాల్సిందే. ఓఎన్‌టీ (ఇంటికొచ్చిన ఫైబర్ దిగే కంపెనీ డబ్బా) పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్, అంటే అందుతున్న కాంతి బలం, అని ఒక అంకె ఉంటుంది. మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. ఇళ్లకు వాడే మామూలు జీపాన్ రకం ఓఎన్‌టీలకు మైనస్ 27 దగ్గర హద్దు. ఇక్కడ మైనస్ 26.4 చూపిస్తోంది. చెప్పుల స్టాండు వెనక కిటికీ ఫ్రేమ్ మూల మీద ఫైబర్‌ను క్లిప్పు కొట్టి నిలువునా మడిచారు, స్టాండు జరిపినప్పుడల్లా ఇంకాస్త నలుగుతోంది. ఆ మడత తీసి అరచేయంత వెడల్పు చుట్టగా వదులుగా పెట్టగానే మైనస్ 22కి వచ్చింది. లైన్ తెగడాల్లో కొన్ని ఈ క్లిప్పు పుణ్యమే. ఏ రౌటరూ దీన్ని బాగుచేయలేదు.

ఏ రౌటర్, ఎందుకు

వేగం ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. రెండు లైన్లూ కలిసి 300 దాటవు, ఈ రోజుల్లో గిగాబిట్ పోర్టులున్న ఏ రౌటరైనా అంత మోస్తుంది. మాకు కావాల్సింది ఒకటే: లైన్ చచ్చిన సంగతి రౌటర్‌కు ఎలా తెలుస్తుంది?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కొంపలు ముంచేది ఇదే. వీధిలో ఫైబర్ తెగినా ఓఎన్‌టీ చావదు. దాని ఈథర్‌నెట్ పోర్టు లైటు వెలుగుతూనే ఉంటుంది. రౌటర్ మోడ్‌లో ఉంటే 192.168.1.1 అన్న దాని చిరునామాను పింగ్ చేస్తే (ఉన్నావా అని పలకరిస్తే) చక్కగా జవాబిస్తుంది. కేబుల్ తగిలి ఉందా, గేట్‌వే (రౌటర్‌కు ఆనుకుని ఉన్న తొలి డబ్బా) పలుకుతోందా అన్నంతవరకే చూసే రౌటర్ అయితే, చచ్చిన లైన్ మీదికే సగం కనెక్షన్లను తోస్తూ ఉంటుంది. ఇంట్లోవాళ్లకు సగం పేజీలు తెరుచుకుంటాయి, సగం తెరుచుకోవు. పూర్తిగా పోవడం కంటే ఇది చిరాకు. 5జీ డబ్బాతోనూ ఇదే తంతు: టవర్ పోయినా డబ్బా పలుకుతూనే ఉంటుంది. కాబట్టి ఒక్కో లైన్ గుండా బయటి చిరునామాను పలకరించి చూసే రౌటర్ కావాలి, ఆ చిరునామాను మనం నిర్ణయించగలగాలి.

ఈ గీత గీశాక మిగిలినవి నాలుగు దారులు.

ఏసస్ వైఫై రౌటర్లలో చాలావాటికి డ్యూయల్ వ్యాన్ (రెండు నెట్ లైన్లు తీసుకునే ఏర్పాటు) ఉంది. ఇంటి పరికరాల వైపుండే ఒక ల్యాన్ పోర్టును రెండో వ్యాన్‌గా, అంటే నెట్ లైన్ పోర్టుగా, మార్చుకోవచ్చు, 3:1 లాంటి నిష్పత్తి ఇవ్వొచ్చు, పింగ్ చేసి చూసే ఏర్పాటూ ఉంది. ఒకే డబ్బాలో పని అయిపోతుంది. అయితే ఈ ఇంట్లో రెండు లైన్లూ దిగేది కింద వాకిలి పక్క మూలకు. వైఫై డబ్బాను అక్కడ పెడితే పై గదుల్లో సిగ్నల్ ఉండదు. రౌటింగ్ ఒక చోట, వైఫై మరో చోట ఉండక తప్పని ఇల్లు ఇది.

పాత రౌటర్‌లోకి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, లైన్లను పంచే ఎంవ్యాన్3 ప్యాకేజీ పెట్టుకుంటే దాదాపు పైసా ఖర్చు లేకుండా పని జరుగుతుంది, లైన్ తనిఖీలో దాని అంత వివరంగా చేసేవి తక్కువ. కానీ చేసినవాడే చూసుకోవాలి. ఇంట్లో అలాంటివాళ్లు లేరు.

మైక్రోటిక్ హెక్స్ మా చేతికి బాగా అలవాటైన పెట్టె. అయిదు గిగాబిట్ పోర్టులు, పీసీసీ పద్ధతిలో కనెక్షన్లను ఎలా కావాలంటే అలా విడగొట్టొచ్చు. రెండు చోట్ల కాలు జారుతుంది. వేగం కోసం అడ్డదారి ఇచ్చే ఫాస్ట్‌ట్రాక్ రూల్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు, ఏ లైనో గుర్తు వేసే మాంగిల్ రూల్స్‌ను దాటేసి పోతాయి, గుర్తులు పడవు, సగం కనెక్షన్లు తప్పు లైన్‌లోకి వెళ్తాయి. దాన్ని తీసేయాలి, లేదా గుర్తు పడిన ట్రాఫిక్‌ను దానికి దూరంగా ఉంచాలి. రెండోది, చెక్-గేట్‌వే ఆప్షన్ పక్కనున్న గేట్‌వేనే పింగ్ చేస్తుంది, అంటే పైన చెప్పిన జబ్బే. బయటి చిరునామాను గేట్‌వేగా చూపించే రికర్సివ్ రూట్లు రాసుకుంటే అది తీరుతుంది. రెండూ చేయదగ్గవే. రేపు ఏదైనా తేడా వస్తే ఇంటివాళ్లు మాత్రం ఆ తెరను చూసి ఏమీ చేయలేరు.

చివరికి తీసుకున్నది టీపీ-లింక్ ఈఆర్605. వైఫై లేని చిన్న లోహపు పెట్టె, అయిదు గిగాబిట్ పోర్టులు, వాటిలో ఒకటికి మించి వ్యాన్‌గా మార్చుకోవచ్చు. ఆన్‌లైన్ డిటెక్షన్ అనే పేజీలో ఒక్కో లైన్‌కు పింగ్ చిరునామా, డీఎన్‌ఎస్ (సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే సర్వర్) చిరునామా మనమే ఇవ్వొచ్చు. ఏ పరికరం ఏ లైన్‌లో పోవాలో చెప్పే పాలసీ రౌటింగ్ ఉంది. అన్నీ బ్రౌజర్‌లోనే. వైఫైకి పైన హాల్లో సీలింగుకు ఒక వైఫై 6 యాక్సెస్ పాయింట్ (వైఫై మాత్రమే పంచే డబ్బా), కింద ఇంట్లో ఉన్న పాత రౌటరే యాక్సెస్ పాయింట్‌గా. పాతదానిలో ఆ మోడ్ లేకపోతే డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలిచ్చే పని) ఆపేసి, దాని చిరునామాను 192.168.50.2 చేసి, కేబుల్‌ను ల్యాన్ పోర్టులో పెట్టాలి. వ్యాన్ పోర్టులో పెడితే కింద ఒక నెట్‌వర్కు, పైన ఒక నెట్‌వర్కు అయి కూర్చుంటుంది.

కరెంటు

రెండు లైన్లున్నా ప్లగ్గు ఒకటే అయితే ఏం లాభం? ముందు మినీ యూపీఎస్ అనుకున్నారు. లెక్క వేస్తే కుదరలేదు. 8,800 ఎంఏహెచ్ అని పెట్టె మీద రాసేది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర. అంటే సుమారు 32 వాట్-అవర్లు, మార్పిడిలో పోయేది తీస్తే 27. ఓఎన్‌టీకి 8 వాట్లు, రౌటర్‌కు 6, యాక్సెస్ పాయింట్‌కు 10, 5జీ యాంటెనా, లోపలి డబ్బా కలిసి 20. మొత్తం 44 వాట్లు, 40 నిమిషాలు కూడా రాదు. పైగా ఓఎన్‌టీ అడాప్టర్ 12 వోల్టులు, ఈఆర్605ది 9 వోల్టులు, యాంటెనాకు వేరే పవర్ ఇంజెక్టర్ (నెట్ కేబుల్ గుండానే కరెంటు పంపేది). ఒక్క 12 వోల్టుల పిన్నుతో ఇవన్నీ నడవవు. ఇన్వర్టర్ లేని ఇల్లయి, ఒక్క ఫైబర్ లైన్‌నైనా నిలబెట్టుకోవాలంటే హెక్స్ మేలు. అది 12 వోల్టులతోనూ నడుస్తుంది.

ఈ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కాబట్టి దాని లైన్ నుంచి వాకిలి మూలకు ఒక సాకెట్ లాగించాం. కరెంటు పోయిన ప్రతిసారీ మాత్రం ఓఎన్‌టీ రీస్టార్ట్ అవుతోంది, తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతోంది. ఇన్వర్టర్ వెనక ఎకో, యూపీఎస్ అని చిన్న స్విచ్ ఉంది. ఎకోలో ఉంటే మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఫ్యాన్లకు అది తెలియదు, నెట్ డబ్బాలకు తెలుస్తుంది. స్విచ్‌ను యూపీఎస్‌కు తిప్పాక రీస్టార్టులు ఆగాయి. డాబా యాంటెనా ఇంజెక్టర్‌ను మామూలు సాకెట్‌లో వదిలేయడం సాధారణంగా జరిగే పొరపాటు. కరెంటు పోగానే 5జీ పోతుంది, తప్పు టవర్ మీదికి వెళ్తుంది.

బిగింపు

ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి (రౌటర్ పని మానేసి లైన్‌ను నేరుగా మన రౌటర్‌కు అందించేలా) కంపెనీ చేత మార్పించి, పీపీపీఓఈ (లైన్‌కు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి తీసుకోవాలి. ల్యాండ్‌లైన్ ఫోను అదే ఓఎన్‌టీ నుంచి వస్తుంటే, బ్రిడ్జ్ చేశాక అది పలుకుతుందో లేదో ముందే అడగాలి. మార్చిన వెంటనే రౌటర్‌లో పాస్‌వర్డ్ తప్పని వచ్చినా కంగారు పడక్కర్లేదు. పాత సెషన్ అవతల ఇంకా తెరిచే ఉంటుంది, చాలా చోట్ల ఒక కనెక్షన్‌కు ఒక్క సెషనే ఇస్తారు. ఓఎన్‌టీని పది నిమిషాలు ఆపి మళ్లీ వేస్తే పోతుంది. అప్పటికీ రాకపోతే పాత పరికరం మ్యాక్ చిరునామాతో (తయారీలోనే వచ్చే గుర్తింపు అంకెతో) ముడిపెట్టి ఉంటారు, ఫోన్ చేసి తీయించుకోవాలి.

5జీ డబ్బాలో బ్రిడ్జ్ మోడ్ లేదు. పర్వాలేదు, దాని వెనక మన రౌటర్ నడుస్తుంది. చూడాల్సింది చిరునామాలు కొట్టుకోకుండా. 5జీ డబ్బా లోపలి చిరునామాను 192.168.20.1 చేశాం, మన ల్యాన్‌ను 192.168.50.1కి మార్చాం. 192.168.0, 192.168.1 వరసలను ల్యాన్‌కు వాడకపోవడానికి ఇంకో కారణం ఉంది. కొన్ని ఆఫీసుల వీపీఎన్‌లు కూడా అవే వాడతాయి, అప్పుడు ఆఫీసు ప్రింటర్ అడిగితే ఇంటి కెమెరా పలుకుతుంది. డబ్బా వైఫైని ఆపేసి, పాత వైఫై పేరూ పాస్‌వర్డూ కొత్త యాక్సెస్ పాయింట్లకు పెట్టాం. కెమెరాలు, టీవీ వాటంతట అవే ఎక్కాయి. ఆ వైఫై ఆపకపోతే పిల్లల ఫోన్లు దానికే అతుక్కుంటాయి, అవి రౌటర్ పంపకంలోకి రావు.

ఈఆర్605లో వ్యాన్ మోడ్ పేజీలో రెండో వ్యాన్‌కు టిక్కు పెడితే పెట్టె రీస్టార్ట్ అవుతుంది. ఆ తర్వాత ఒక్కో వ్యాన్ పేజీలో అప్‌స్ట్రీమ్, డౌన్‌స్ట్రీమ్ బ్యాండ్‌విడ్త్ అని రెండు గడులుంటాయి. చాలామంది వీటిని ముట్టుకోరు. రెంటిలోనూ గిగాబిట్ అంకె ఉంటుంది కాబట్టి రౌటర్ రెండు లైన్లనూ సమానంగా చూసి చెరిసగం పంచుతుంది. లోడ్ బ్యాలెన్సింగ్ పేజీలో బ్యాండ్‌విడ్త్ ప్రకారం పంచమని టిక్కు పెట్టినప్పుడు చూసేది ఈ గడులనే. అంకెలు కేబీపీఎస్‌లో: ఫైబర్‌కు 200000, 5జీకి 50000. ప్లాన్‌లో 100 అన్నా రద్దీ వేళ నిలబడే అంకెనే ఇవ్వాలి.

అప్లికేషన్ ఆప్టిమైజ్డ్ రౌటింగ్ టిక్కు తప్పనిసరి. ఒకే పరికరం ఒకే సర్వర్‌తో మాట్లాడుతుంటే అన్ని కనెక్షన్లనూ మొదట పోయిన లైన్‌లోనే పంపుతుంది. ఇది లేకపోతే బ్యాంకు సైటు ఒక క్లిక్కు ఒక ఐపీ (నెట్ చిరునామా) నుంచి, ఇంకో క్లిక్కు మరో ఐపీ నుంచి రావడం చూసి లాగౌట్ చేసి పారేస్తుంది. ఈ టిక్కు వల్ల ఒక పక్క ఫలితం కూడా ఉంది. స్పీడ్ టెస్ట్ ఒకే సర్వర్‌తో జరుగుతుంది కాబట్టి ఒక్క లైన్ వేగమే చూపిస్తుంది, రెండో లైన్ పనిచేయట్లేదని ఫోన్ వస్తుంది. రెండూ వాడుతోందో లేదో రౌటర్ ట్రాఫిక్ లెక్కల పేజీలో చూడాలి, స్పీడ్ టెస్ట్‌లో కాదు.

లింక్ బ్యాకప్ వదిలేశాం. అందులో బ్యాకప్ అని చూపిన లైన్ మామూలు వేళల్లో ఖాళీగా కూర్చుంటుంది. పంచుకోవడమే కావాలనుకుంటే దాని అవసరం లేదు.

ఆన్‌లైన్ డిటెక్షన్‌ను ఆటోలో వదలకుండా మాన్యువల్‌కు మార్చి ఫైబర్‌కు 1.1.1.1, 5జీకి 8.8.8.8 (క్లౌడ్‌ఫ్లేర్, గూగుల్ పబ్లిక్ డీఎన్‌ఎస్‌లు) ఇచ్చాం. రెంటికీ ఒకే చిరునామా ఇస్తే, అది కాసేపు పలకని రోజున రౌటర్ రెండు లైన్లూ పోయాయనుకుంటుంది. ఆల్వేస్ ఆన్‌లైన్ అనే మూడో ఎంపిక జోలికి పోకూడదు, అది తనిఖీనే మానేస్తుంది. పరికరాలకు ఇచ్చే డీఎన్‌ఎస్ కూడా ఈ రెండు పబ్లిక్ చిరునామాలే. కంపెనీలు తమ డీఎన్‌ఎస్‌ను తమ లైన్ బయటి నుంచి అడిగితే జవాబివ్వకపోవచ్చు. అప్పుడు లైన్ బాగున్నా పేజీ తెరుచుకోదు.

తర్వాత పరికరాల పంపకం. ఇల్లంతా రౌటర్ ఇష్టానికి వదలడం కంటే ముఖ్యమైన వాటిని మనమే కట్టేయడం మంచిదని మా అభిప్రాయం. రెండు ల్యాప్‌టాపులకూ, కెమెరాలకూ డీహెచ్‌సీపీలో స్థిర చిరునామాలిచ్చి, ఐపీ గ్రూపు చేసి, పాలసీ రౌటింగ్‌లో ఫైబర్‌కు కట్టాం. మోడ్ దగ్గర ఓన్లీ, ప్రయారిటీ అని రెండుంటాయి. ఓన్లీ పెడితే ఫైబర్ పోయినప్పుడు ఆ ల్యాప్‌టాపులు 5జీకి మారవు, ఇంత ఖర్చూ బూడిదలో పోసిన పన్నీరే. ప్రయారిటీ పెట్టాలి. హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన వెబ్ ట్రాఫిక్) మొత్తాన్ని ఒకే లైన్‌కు కట్టమని కొందరు సలహా ఇస్తారు, బ్యాంకు సమస్య తీరుతుందని. ఇప్పుడు నెట్‌లో అధిక భాగం అది వాడే 443 పోర్టే. అలా చేస్తే పంచడానికి ఇంక మిగిలేదేమీ ఉండదు.

టీవీని 5జీకి ప్రయారిటీగా పెట్టాం. ప్లాన్‌లో నెలసరి డేటా హద్దు ఉంటుంది కాబట్టి లెక్క చూసుకోవాలి: 5 ఎంబీపీఎస్ హెచ్‌డీ వీడియో గంటకు 2.25 జీబీ, రోజుకు నాలుగు గంటలంటే నెలకు 270 జీబీ. 4కే అయితే ఈ లెక్క కొన్ని రెట్లు పెరుగుతుంది.

ఐపీవీ6ను (కొత్త తరం నెట్ చిరునామాలను) ల్యాన్ వైపు ఆపేశాం. ఆపకపోతే యూట్యూబ్, గూగుల్ లాంటి పెద్ద సైట్లకు పరికరాలు ఐపీవీ6నే ముందు పట్టుకుంటాయి, అది ఫైబర్ నుంచే వస్తుంది, ఇక పంపకం పేరుకే. ఫైబర్ తెగినప్పుడు ఫోన్లు ఆ చచ్చిన ఐపీవీ6 చిరునామాను పట్టుకుని కాసేపు వేలాడతాయి కూడా.

పరీక్ష

రౌటర్ వెనక కేబుల్ పీకి చూసి "మారింది, బాగుంది" అనుకోవడం పరీక్ష కాదు. కేబుల్ పీకితే పోర్టు లైటే ఆరిపోతుంది, ఏ రౌటరైనా కనిపెడుతుంది. ఓఎన్‌టీ అడుగున ఆకుపచ్చ కనెక్టర్ ఉంటుంది, దాన్ని మెల్లగా లాగాలి. లాస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా వెలుగుతుంది, ఈథర్‌నెట్ లైటు మాత్రం అలాగే ఉంటుంది. వీధిలో ఫైబర్ తెగినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. లాగిన కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు, కనిపించని లేజర్ అది. వేలు తగలకుండా మూత పెట్టి ఉంచాలి. మరక పడితే మళ్లీ పెట్టాక సిగ్నల్ తగ్గుతుంది. 5జీ వైపు పరీక్షకు ఇంజెక్టర్ ఆపితే చాలు, లోపలి డబ్బా వెలుగుతూనే ఉంటుంది.

ఫైబర్ లాగినప్పుడు నడుస్తున్న వీడియో కాల్ గడ్డకట్టి, కొద్ది సెకన్ల తర్వాత దానంతటదే మళ్లీ కలిసింది. వీపీఎన్ తెగింది, మళ్లీ కలపాల్సి వచ్చింది. ఇది లోపం కాదు. ఉన్న కనెక్షన్ ఒక ఐపీ నుంచి మరో ఐపీకి బతికి రాదు. ఆఫీసు వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో రీకనెక్ట్ ఉంటే ఆన్ చేసుకోవడమే చేయగలిగింది.

రెండు ఇబ్బందులు తర్వాత బయటపడ్డాయి. పై అంతస్తులో వేగం ఎప్పుడు చూసినా 94 దగ్గర ఆగుతోంది. ఆ అంకె చూస్తేనే అనుమానం రావాలి, అది 100 ఎంబీపీఎస్ లింకు అసలు వేగం. రౌటర్ పోర్టు పేజీలో లింకు 100 అనే ఉంది. పైకి పోయే కేబుల్ కొసలో ఎనిమిది తీగల్లో ఒకటి క్రింపింగ్‌లో (కొసకు ప్లగ్గు బిగించడంలో) సరిగా దిగలేదు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. కొస కత్తిరించి మళ్లీ క్రింప్ చేస్తే 1000 చూపించింది.

రెండోది, 5జీకి మారినప్పుడు మెయిల్ చదవడం బాగానే ఉంది, పెద్ద అటాచ్‌మెంట్ పంపితే మాత్రం వీపీఎన్‌లో ఎక్కడిదక్కడ ఆగిపోతోంది. చిన్నవి పోయి పెద్దవి ఆగితే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడాలి. విండోస్ పింగ్‌లో ముక్కలు చేయొద్దనే ఎఫ్ ఆప్షన్‌తో సైజు 1464 ఇస్తే, 28 బైట్ల హెడర్‌తో కలిసి 1492 అవుతుంది. ఫైబర్ మీద అది పోయింది, పీపీపీఓఈకి ఉండాల్సింది అంతే. 5జీ మీద పోలేదు. 1372కు తగ్గించాక పోయింది. రెండో వ్యాన్ ఎంటీయూను 1400 చేశాక అటాచ్‌మెంట్లు కదిలాయి.

ఈ ఏర్పాటుతో కుదరనిది ఒకటుంది. రెండు లైన్లూ కంపెనీల సీజీనాట్ (ఒకే పబ్లిక్ చిరునామాను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) వెనకే ఉన్నాయి. వ్యాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అదే గుర్తు, బయటి నుంచి ఇంట్లోకి పోర్టు తెరవడం సాధ్యం కాదు. ఈ కెమెరాలు తయారీదారు క్లౌడ్ గుండా పనిచేసే రకం కాబట్టి వీళ్లకు అడ్డు రాలేదు. సొంత రికార్డర్ పెట్టి బయటి నుంచి నేరుగా చూడాలంటే ఫైబర్ లైన్‌కు స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) కొనుక్కోవాలి. ఆ ఒక్క రికార్డర్‌కు మాత్రం పాలసీ రౌటింగ్‌లో ఓన్లీ మోడే సరైనది.